ఒకటిన్నర రోజు నడక, ఒక గులాబీ అద్దె

పెన్సిల్వేనియాలో డెలావేర్, లీహై నదులు కలిసే చోట ఈస్టన్ అని ఒక ఊరుంది, నార్తాంప్టన్ కౌంటీకి అదే హెడ్‌క్వార్టర్స్, అంటే మన లెక్కలో జిల్లా కేంద్రం. రియల్ ఎస్టేట్ చేసే ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా అక్కడికెళ్లి ఆ మట్టి నుదుట పెట్టుకుని రావాలని నా మనవి.

వెంచర్ వెయ్యాలంటే ముందు భూమి కావాలి కదా, అక్కడేమో లెనాపే అనే స్థానిక తెగ జనం ఉన్నారు. బ్రిటిష్ కాలంలో పెన్సిల్వేనియా కాలనీకి యజమానులైన పెన్ కుటుంబం వాళ్లు 1686 నాటిదని ఒక కాగితం తీసి, ఒకటిన్నర రోజులో మనిషి ఎంత దూరం నడిస్తే అంత మేర మాదే, ఇదిగో రాసుంది చూడండి అన్నారు. లెనాపే పెద్దలు నడకంటే నడకే అనుకున్నారు పాపం, మధ్యలో కాసేపు కూర్చుని, ఇంత తిని, ఓ దమ్ము పొగ పీల్చి మళ్లీ లేచి నడవడం. తీరా 1737 సెప్టెంబర్‌లో చూస్తే ముగ్గురు గట్టి పిండాలు రెడీగా ఉన్నారు, దారిలో చెట్లు ముందే కొట్టేసి ఉన్నాయి, ఎక్కువ దూరం పోయినోడికి 5 పౌండ్ల డబ్బు, 500 ఎకరాలు అని ఆఫర్ కూడా! ఒకడు మొదటిరోజే చాలించుకున్నాడు, ఇంకోడు రెండోరోజు కుప్పకూలి కొద్దిరోజులకే పోయాడు, ఎడ్వర్డ్ మార్షల్ మాత్రం 60 మైళ్ల పైనే లాగించేశాడు. (ఆ 500 ఎకరాలు ఆయనకీ దక్కలేదంటారు, అది వేరే సంగతి.) అక్కడితో అయిపోయిందా అంటే, ఆ చివర్నుంచి నదికి గీత కొట్టేటప్పుడు దగ్గర్లో కలపకుండా ఏటవాలుగా పైపైకి లాక్కెళ్లారు, మొత్తం దాదాపు రోడ్ ఐలాండ్ రాష్ట్రమంత వచ్చింది. రాత్రిపూట గట్టు జానెడు జరిపి మురిసిపోయే మనవాళ్లు తలెక్కడ పెట్టుకోవాలి?

1751లో థామస్ పెన్‌కి లేడీ జూలియానా ఫెర్మర్‌తో పెళ్లయింది, మరుసటేడే లేఅవుట్ వేశారు. మామగారి బంగ్లా ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌షైర్‌లోని ఈస్టన్ నెస్టన్, కాబట్టి ఊరు ఈస్టన్, కౌంటీ నార్తాంప్టన్, వీధులేమో ఫెర్మర్, పామ్‌ఫ్రెట్ (మామగారి బిరుదు), జూలియానా. ఇల్లరికం వెళ్లకుండా అత్తారింటినే అడవిలోకి తెచ్చుకున్న అల్లుడు చరిత్రలో ఇంకొకడుంటే చెప్పండి.

ప్లాట్లు కొలిచిన విలియం పార్సన్స్ ఆ చలికాలం రాసిన ఉత్తరం నాకు మహా ఇష్టం. ఊళ్లో 11 కుటుంబాలున్నాయి, జైలుకి కప్పు వేస్తున్నాం, అది పూర్తయితే జనం పెరుగుతారు అని రాశాడు. మన బ్రోచర్లలో ఇంటర్నేషనల్ స్కూల్ పక్కనే, ఎయిర్‌పోర్ట్ 20 నిమిషాలే అని అబద్ధాలు కొట్టుకుంటాం, ఈయన నిజాయితీగా జైలు చూపించి అమ్మాడు!

తర్వాత 1760ల్లో ఊరి నడిబొడ్డున చౌక్‌లో కోర్టు కట్టుకోడానికి పెన్‌వాళ్లు స్థలమిచ్చారు, అద్దె ఏడాదికి ఒక ఎర్ర గులాబీ. ఎంత పెద్ద మనసండీ, నడిచి సంపాదించిన కష్టార్జితం మరి.

2004లో డెలావేర్ నేషన్, అంటే ఆ లెనాపేల వారసులు, ఆ పక్కనే ఉన్న 300 పైచిలుకు ఎకరాల కోసం కేసు వేశారు. మోసమే జరిగిందనుకున్నా సరే, ఆనాడు మీ భూమి హక్కు తీసేసే అధికారం పెన్‌లకి ఉంది కాబట్టి అది అప్పుడే పోయింది అని కోర్టులు కొట్టేశాయి. లాయర్లు ఫీజు గులాబీల్లో తీసుకుని ఉండరు లెండి.