చామనఛాయ చర్మానికి క్యాన్సర్ రాదా?

అమెరికాలో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పెద్దల ఫోన్లకు చర్మ క్యాన్సర్ నివారణ మెసేజ్‌లు పంపుతారని తెలియగానే ఒక వాదన మొదలవుతుంది. "అది తెల్లవాళ్ల జబ్బు. మెక్సికన్లు రోజంతా ఎండలో పనిచేస్తారు, వాళ్లకేం రావట్లేదు. మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) ఎక్కువున్నవాళ్లకు సన్‌స్క్రీన్ పాఠాలెందుకు? అయినా మెసేజ్ చూసి ఎవరు మారతారు?" మనవాళ్లు కూడా దీన్ని నమ్మి ఫార్వర్డ్ చేస్తుంటారు. ఒక్కో మాటా విడిగా చూద్దాం.

తెల్లవాళ్ల జబ్బు అన్నదాంట్లో కొంత నిజముంది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ అంచనా ప్రకారం జీవితకాలంలో మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ వచ్చేది తెల్లవాళ్లలో సుమారు 33 మందిలో ఒకరికి, హిస్పానిక్‌లలో 200 మందిలో ఒకరికి. కానీ 2020 జనగణన నాటికే అమెరికాలో హిస్పానిక్‌లు 6.2 కోట్ల మంది. ఆ లెక్కన మూడు లక్షల మందికి పైగా అవుతారు. పైగా వాళ్లలో జబ్బు ముదిరాక బయటపడేవాళ్ల శాతం తెల్లవాళ్లలో కంటే ఎక్కువ. చర్మం దాటకముందే పట్టుకుంటే అయిదేళ్లు బతికేవాళ్లు 99 శాతం. దూరపు అవయవాలకు పాకాక అది సుమారు 35 శాతానికి పడిపోతుంది. "మనకు రాదులే" అన్న నమ్మకం రోగిని డాక్టర్ దగ్గరికి వెళ్లనివ్వదు. కొన్నిసార్లు డాక్టర్‌కు కూడా అనుమానం రాదు. అందుకే ఈ ఫార్వర్డ్ చూస్తే నాకు కోపం వస్తుంది.

ఎండలో పనిచేసేవాళ్లకు రావట్లేదన్న మాట పూర్తిగా తప్పు. మెలనోమా కాని చర్మ క్యాన్సర్ మరణాల్లో దాదాపు మూడింట ఒకటి ఎండలో పనిచేయడం వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో అంచనా వేశాయి. అమెరికా పొలాల్లో కూలీలు ఎక్కువమంది హిస్పానిక్‌లే. వాళ్లలో ఎక్కువగా కనిపించే చర్మ క్యాన్సర్ బేసల్ సెల్ కార్సినోమా. చామనఛాయ మీద అది తరచూ నల్లగా ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు. ఇక మెలనిన్ సంగతి. హిస్పానిక్ అనేది చర్మపు రంగు పేరు కాదు. ఎండకు ఇట్టే కందిపోయేవాళ్లూ, బాగా నల్లగా ఉండేవాళ్లూ అందులో ఉన్నారు.

సన్‌స్క్రీన్ పాఠాల మీద ఉన్న అభ్యంతరాన్ని మాత్రం నేను తీసిపారేయను. ముదురు చర్మం ఉన్నవాళ్లలో మెలనోమా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద రావడం ఎక్కువ. మన భారతీయులకూ ఇది వర్తిస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి వచ్చింది కాలి గోరు కిందే. 1981లో, 36 ఏళ్లకే చనిపోయాడు. ఈ రకానికి ఎండ ప్రధాన కారణం కాదు, కాబట్టి సన్‌స్క్రీన్ రాసుకోమని మాత్రమే చెప్పే మెసేజ్ వీళ్లకు సరిపోదు. దానికి మెసేజ్‌లు ఆపేయడం ఎందుకు? రాసే విషయం మారిస్తే చాలు. స్నానం చేశాక అరికాళ్లు చూసుకోండి. గోరు కింద నల్లగీత వెడల్పవుతుంటే, మచ్చ ఆకారం మారుతుంటే, పుండు మానకపోతే డాక్టర్‌కు చూపించండి. ఇది రెండు లైన్ల మెసేజ్‌లో పడుతుంది.

మెసేజ్‌తో ఎవరూ మారరన్న మాటకు పరిశోధనల్లోనే జవాబుంది. 2009లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 70 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆరు వారాల పాటు సన్‌స్క్రీన్ గుర్తుచేస్తూ రోజూ మెసేజ్ పంపారు. సన్‌స్క్రీన్ ట్యూబ్ మూత తీసినప్పుడల్లా నమోదయ్యే పరికరం పెట్టారు కాబట్టి ఎవరూ గొప్పకు చెప్పుకునే వీల్లేదు. మెసేజ్‌లు అందినవాళ్లు 56 శాతం రోజుల్లో సన్‌స్క్రీన్ వాడారు, అందనివాళ్లు 30 శాతం. చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను. కానీ బ్రిటన్‌లో 5,800 మంది పొగతాగేవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. లాలాజలం పరీక్షించి చూస్తే, ఆరు నెలల తర్వాత మెసేజ్‌లు అందినవాళ్లలో 10.7 శాతం మానేశారు, మిగతావాళ్లలో 4.9 శాతం. సిగరెట్ లాంటి వ్యసనం మీదే పనిచేసినప్పుడు, టోపీ పెట్టుకోమనీ కాళ్లు చూసుకోమనీ చెప్పడానికి పనికిరాదని ఎలా అంటాం?

"ఇన్సూరెన్స్ లేనివాడికి మెసేజ్ ఏం చేస్తుంది?" అని కూడా అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. హిస్పానిక్‌లలో ఇన్సూరెన్స్ లేనివాళ్లు తెల్లవాళ్లలో కంటే చాలా ఎక్కువ. కానీ ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు అమెరికా అంతటా ఉన్నాయి. దగ్గర్లో ఉన్న సెంటర్ నంబరు, అక్కడ స్పానిష్ మాట్లాడేవాళ్లు ఉంటారన్న మాట ఆ మెసేజ్‌లోనే ఉండాలి.