పైలాన్ ఒక గట్టున, జవహర్ కాలువ మరో గట్టున

నాగార్జునసాగర్‌లో పైలాన్ అంటే ఇప్పుడు చాలామందికి ఒక కాలనీ పేరు. ఇల్లెక్కడంటే ‘పైలాన్‌లో’ అంటారు, ‘హిల్‌కాలనీలో’ అన్నట్టే. ఆ పేరుకు కారణమైన స్తంభం మాత్రం 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ చేసిన శంకుస్థాపనకు గుర్తు. భారతదేశపు మానవతా మందిరానికి పునాది వేస్తున్నానని ఆయన అన్నది ఆ రోజే. ఆ మాట ఎన్నిసార్లో చెప్పుకున్నాం. ఆ రాయి ఎవరెవరి ఉమ్మడి పనికి పడిందో మాత్రం మరిచిపోయాం.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేదు. కృష్ణకు ఎడమ గట్టు హైదరాబాద్ రాష్ట్రం, కుడి గట్టు ఆంధ్ర రాష్ట్రం. అక్కడ బూర్గుల రామకృష్ణారావు, ఇక్కడ బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రులు. రాష్ట్రాలు కలవడానికి ఇంకా పదకొండు నెలలుంది. వేర్వేరు ఖజానాలున్న రెండు ప్రభుత్వాలు ఒకే ఆనకట్టకు సరేనన్నాయి. పైలాన్‌లో నాకు అన్నిటికంటే విలువైన సంగతి ఇదే. వచ్చిన నాయకుడు ఎంత గొప్పవాడన్నది ఆ తర్వాతే.

2014లో మళ్లీ రెండు రాష్ట్రాలయ్యాం. 2023 నవంబర్ చివర, సరిగ్గా తెలంగాణ పోలింగ్‌కు ముందు రాత్రి, డ్యామ్ మీద ముళ్లకంచె పడింది. ఉన్న 26 గేట్లలో సగం మావంటే మావని రెండు వైపుల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. చివరికి కేంద్ర బలగాల కాపలా పెట్టాల్సి వచ్చింది. అంతా ఆ స్తంభానికి కూతవేటు దూరంలోనే.

కానీ నీళ్ల దారి చూడండి. నెహ్రూ స్తంభం తెలంగాణలో ఉంది. ఆయన పేరున్న కుడి కాలువ పల్నాడు, ప్రకాశం వైపు పారుతుంది. లాల్ బహదూర్ పేరున్న ఎడమ కాలువ నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం పొలాలు తడిపి, చివరికి మళ్లీ ఆంధ్రలోకే దిగుతుంది. రెండింటి కింద 20 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. ఇందులో ఏ చుక్క ఎవరిదని గీత గీస్తాం?

నెహ్రూ ఈ కాలువల్లో నీళ్లు చూడలేదు. 1964 మేలో కన్నుమూశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ నీళ్లు వదిలారు. ఈ మధ్యకాలమంతా చెమట కూలీలది. పాత ఫొటోల్లో కనిపిస్తారు: తలమీద చుట్టకుదురు, దానిపై తట్ట, ముందు మనిషి మడమ చూసుకుంటూ వాలు మీద ఎక్కే ఆడవాళ్లు. 124 మీటర్ల ఎత్తు రాతికట్టడం అలా లేచింది. ఆ కట్ట వెనుక ఇక్ష్వాకు రాజుల పాత రాజధాని విజయపురి మునిగింది, మన కాలపు పల్లెలూ మునిగాయి. ఇక్ష్వాకుల శిల్పాలను ఎత్తి కొండ మీద భద్రం చేశాం, మంచిదే. పల్లెల పేర్లు, కూలీల పేర్లు కూడా పైలాన్ పక్కన చెక్కించాలి.

ఏటా డిసెంబర్ 10న రెండు ప్రభుత్వాలూ అక్కడికి కలిసి రావాలి. పూలదండతో సరిపెట్టకుండా, రెండు వైపుల ఇంజనీర్లు అందరి ముందూ నీటి లెక్కలు చదవాలి. పేర్ల పలక పని అప్పటిదాకా ఆగకూడదు. రాళ్లు మోసినప్పుడు ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. మాచర్లలోనో, దేవరకొండలోనో, ఇంకే ఊళ్లోనో, ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి ఆ పేర్లు ఇప్పుడే అడగాలి.