అరచేతిలో రెండు టెరాబైట్లు

మా ఇంటి సర్వర్లో వర్చువల్ మెషీన్ల (ఒకే కంప్యూటర్లో విడివిడిగా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్ల) కోసం ఉన్న డిస్క్ ఒక్కటే. అట్టపెట్టె మీద 1 టెరాబైట్, సర్వర్ లెక్కలో 931 గిగాబైట్లు. తయారుచేసినవాళ్ళు వెయ్యితో గుణిస్తారు, సర్వరేమో 1024తో భాగిస్తుంది. మధ్యలో దిగులుపడేది నేను.

ఆ 931లోంచి నాలుగు మెషీన్లకి తలా 500 రాసిచ్చాను. అవును, కూడితే రెండు వేలు. దీన్ని థిన్ ప్రొవిజనింగ్ అంటారు. మెషీనుకి 500 ఉన్నట్టు చూపిస్తాం, అది ఎంత రాస్తే అంతే డిస్కులోంచి తీస్తాం. అప్పులవాళ్ళంతా ఒకే రోజు గుమ్మంలోకి రారన్న ధీమా మీద నడిచే వ్యవహారం. బాగానే నడిచింది కూడా.

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఆవిడ కేకేసింది.

"ఏమండీ, ఫొటోలు తెరుచుకోవట్లేదు."

"నెట్ స్లోగా ఉందేమో."

ఇంట్లో సర్వర్ పెట్టుకున్న ప్రతివాడూ ఆడే మొదటి అబద్ధం ఇది.

వెళ్ళి చూస్తే నడవాల్సిన మూడు మెషీన్లూ ఐఓ ఎర్రర్, అంటే డిస్కులో రాయలేకపోతున్నాం, అని బిగుసుకుపోయి ఉన్నాయి. పూల్, అంటే అందరికీ చోటిచ్చే ఆ ఉమ్మడి డిస్కు, 100.00 శాతం నిండింది. చుక్క తర్వాత ఆ రెండు సున్నాలు అవసరమా?

ఖాళీ చేద్దామంటే లోపలి ఫైళ్ళు తీసేయాలి. తీసేయాలంటే మెషీన్ నడవాలి. నడవాలంటే ఖాళీ ఉండాలి. పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసుకున్నట్టయింది. ఎప్పుడో ముచ్చటపడి విండోస్ ఎక్కించి, మళ్ళీ మొహం చూడని నాలుగో మెషీన్ గుర్తొచ్చింది. 60 గిగాబైట్లు. క్షణం ఆలోచించకుండా బలి ఇచ్చేశాను.

ఫొటోల మెషీన్ లేచింది. లేవడమే ఏదో ఆత్రంగా రాసెయ్యడం మొదలుపెట్టింది. ఇచ్చిన 60 కళ్ళముందే కరుగుతోంది. పట్టుకుని చూస్తే, ఫైళ్ళన్నిటినీ ఒకే మూటగా కట్టే ప్రోగ్రాం, టార్! నేను పెట్టిన బ్యాకప్ స్క్రిప్టే. డిస్కులో ఉన్నదంతా మూటగట్టి రోజుకో తేదీ పేరుతో బ్యాకప్ ఫోల్డర్లో పెట్టమన్నాను. ఆ ఫోల్డర్ కూడా అదే డిస్కులో ఉందనీ, దాన్ని వదిలెయ్యమని చెప్పాలనీ తోచలేదు. తను కడుతున్న మూటని తనలోనే వేసుకోకూడదన్న ఇంగితం టార్‌కి ఉంది, నిన్నటి మూటల సంగతి దానికేం తెలుసు? మొదటి రాత్రి 20 గిగాబైట్లు. రెండో రాత్రి ఆ మూటతో కలిపి 40. తర్వాత 80, ఆపైన 160. అయిదో రాత్రి 320 కట్టబోయి సగంలో పూల్‌ని నింపేసింది.

టార్‌ని ఆపాను. ఇక మూటలు తీసెయ్యడమే. కానీ అనుభవం ఉన్నవాణ్ణి కదా, ఎందుకైనా మంచిదని, తేడా వస్తే వెనక్కి వెళ్ళడానికి ముందు ఒక స్నాప్‌షాట్ తీసుకున్నాను. (ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.) తర్వాత మూటలన్నీ తుడిచేశాను. మెషీన్ లోపల చూస్తే ఇల్లు అద్దంలా ఉంది. బయట పూల్ చూస్తే 94 శాతం.

సంగతేమిటంటే, లోపల ఫైలు తీసేసినంత మాత్రాన ఆ చోటు ఖాళీ అయిందని బయటికి కబురందదు. డిస్క్ సెట్టింగుల్లో డిస్కార్డ్ అనే గడిలో టిక్ పెట్టాలి. పెట్టాక మెషీన్‌ని పూర్తిగా ఆపి మళ్ళీ లేపాలి, లోపలినుంచి రీస్టార్ట్ చేస్తే చాలదు. అప్పుడు ఆ కబురు బయటికి పంపే ఎఫ్‌స్ట్రిమ్ కమాండ్ కొట్టాలి. అన్నీ చేశాను. వందల గిగాబైట్లు వదిలేశానని ఎఫ్‌స్ట్రిమ్ గొప్పగా ప్రకటించింది.

పూల్ 94.

అరగంట సేపు ఆ అంకెని రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నాను. కొడితే తగ్గుతుందన్నట్టు. చివరికి వెలిగింది. తీసెయ్యకముందు ఎలా ఉందో అలాగే దాచిపెట్టమని స్నాప్‌షాట్‌కి చెప్పింది ఎవరు? నేనే. పాపం ఒక్క బ్లాకు కూడా వదలకుండా కాపలా కాస్తోంది. దాన్ని తీసేస్తే, పూల్ 44కి దిగింది.

ఫొటోలు వచ్చాయి. మా ఆవిడ అన్నీ ఉన్నాయో లేదో ఓ సారి చూసుకుని, "ఇంతకీ వీటికి బ్యాకప్ ఉందా?" అంది.

"పొద్దున నాలుగున్నర ఉండేవి," అన్నాను.