వారం రోజుల ముసలితనం

65 ఏళ్లు దాటిన వారికి దేవస్థానం తిరుమలలో ఉచితంగా కల్పించే దర్శనాన్ని రెండు వేల రూపాయలకు అమ్మగలిగిన మేధావి మన తిరుపతి రైల్వే స్టేషను ఎదుటే తిరుగుతున్నారు. పలమనేరు నుంచి వచ్చిన మా బంధువు, 78 ఏళ్ల అవ్వ, గత నెలలో ఆయన కంట పడింది. "అవ్వా, నువ్వు మా అమ్మ లాంటిదానివి" అంటూ ఆయన మొదలుపెట్టారట. (ఈ మాట చెవిన పడగానే కొంగుముడి బిగించుకోవాలని బడిలోనే నేర్పవలసింది.) ఆయన ఇచ్చిన కాగితం మీద స్వామివారి బొమ్మ ఉంది, అవ్వ ఆధార్ సంఖ్య ఉంది, దర్శనం ఒక్కటే లేదు.

2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక మోసం 420 నుంచి 318వ సెక్షనుకు మకాం మార్చింది. పాపం, తరతరాలుగా తిట్టుగా సేవలందించిన అంకె పదవీ విరమణ చేసింది. మోసగించి సొత్తు రాబడితే ఏడేళ్ల వరకు జైలు. వినడానికి బాగానే ఉంది, కానీ వాయిదా వాయిదాకూ పలమనేరులో బస్సెక్కవలసింది అవ్వే. అదే సంహిత ఐదు వేల రూపాయల లోపు దొంగతనానికి, తొలి నేరమై సొత్తు తిరిగి ఇచ్చేస్తే, సమాజ సేవతో సరిపెడుతుంది. ఆ సేవను ఈ మేధావికి కూడా వర్తింపజేయాలని, దాని విధివిధానాలను నాకు వదిలిపెట్టాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేస్తున్నాను.

న్యాయస్థానం ఆయనను వారం పాటు 78 ఏళ్ల వృద్ధుడిగా ప్రకటించాలి. మోకాళ్లకు చెరొక ఇసుక సంచి కట్టి, చెవుల్లో దూది కుక్కి, ఇంకెవరిదో కళ్లజోడు తగిలించాలి. నలభై ఏళ్లు అంట్లు తోమిన వేలిలా అరిగేదాకా ఆయన బొటనవేలిని గరుకు కాగితం మీద రుద్దించి పింఛను యంత్రం ముందు కూర్చోబెట్టాలి. అది సరిపోలలేదన్న ప్రతిసారీ పదహారేళ్ల కుర్రవాడొకడు "గట్టిగా నొక్కు తాతా" అని విసుక్కోవాలి. మరునాడు బ్యాంకులో తాను బతికే ఉన్నట్టు రుజువు చూపించాలి, ఎదురుగా నిలబడటం రుజువు కిందికి రాదు. ఆ పైన వైకుంఠం క్యూ కాంప్లెక్సు: కంపార్టుమెంటు తలుపు తీయగానే "గోవిందా" అంటూ వెనుక నుంచి జనం తోసుకువస్తుంటే, ఆయన ఇసుక సంచులు ఈడ్చుకుంటూ, జోడు జారిపోతుండగా, తనిఖీ దాకా చేరాలి. అక్కడ ఉద్యోగి కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూసి పక్కకు జరగమనాలి. కొండ దిగగానే అలిపిరిలో ఆయన శిష్యుడే చేయి పట్టుకుని, "తాతా, మీరు మా నాన్న లాంటివారు" అనాలి.

ఆ రెండు వేలు అవ్వ కొంగున ఉన్న డబ్బు కాదు. మనవడు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు పసుపు గుడ్డలో కట్టిన ముడుపు. పాలు పోసి, పదీ ఇరవై చొప్పున కూడబెట్టింది. వణికే వేళ్లతో ఆమె ఆ ముడి విప్పుతున్నంత సేపూ వాడు నిలబడి చూశాడు. పసుపు గుడ్డ అంటే ఏమిటో తిరుపతిలో బతికేవాడికి తెలియదా? తెలుసు. తెలిసే చేయి చాపాడు, నీచుడు. ఆమె ఇంటికి వచ్చాక మనవాళ్లు, నాతో సహా, అడిగింది ఒక్కటే: "ఎలా నమ్మావవ్వా?" ఎలా అమ్మావని వాణ్ణి అడిగినవాడు లేడు.

అవ్వ కొత్త పసుపు గుడ్డ తెప్పించుకుంది. పోయిన రెండు వేలు స్వామివి కనుక, అవి తానే బాకీ అట.