పంతొమ్మిది నిమిషాల ప్రయాణం

టిక్కెట్టు మీద 10.00కి బయలుదేరి 11.10కి చేరుతుందని ఉంది. నేను నమ్మలేదు. అచ్చులో ఉన్నదాన్ని అనుమానించి, సొంతంగా లెక్క కట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

ఆ రెండు చిన్న విమానాశ్రయాల మధ్య దూరం కంప్యూటర్లో వెతికితే 162 అని వచ్చింది. పక్కన ఏవో రెండు పొట్టి అక్షరాలున్నాయి కానీ, అంకె దొరికాక అక్షరాలతో పనేమిటి? మేము ఎక్కబోయే ఏటీఆర్ విమానం గంటకు సుమారు 510 కిలోమీటర్లు పోతుంది. భాగించాను. 19 నిమిషాలు! వెంటనే బావమరిదికి ఫోను చేసి, 10.20కల్లా గేటు దగ్గర కారు ఉండాలన్నాను.

"మరీ అంత త్వరగానా బావగారూ?"

"అంకగణితం నాయనా!"

సరిగ్గా 10.00కి విమానం కదిలింది. నేల మీదే లెండి. బస్సులా మలుపులు తిరిగి, రన్‌వే మొదట్లో ఆగి, దిగే విమానానికి దారిచ్చి, 10.14కి గాని పైకి లేవలేదు.

"మీ లెక్క ప్రకారం ఇంకో ఐదు నిమిషాల్లో దిగిపోవాలి కదండీ" అంది మా ఆవిడ, ఎంతో అమాయకంగా.

పక్క సీటాయన కల్పించుకున్నాడు. "162 అంటే నాటికల్ మైళ్లయి ఉంటాయండీ. ఒక్కోటి 1,852 మీటర్లు."

మనసులోనే గుణించుకున్నాను. 300 కిలోమీటర్లు! అంటే 35 నిమిషాలు. ఆయన అంతటితో ఊరుకున్నా బాగుండేది. 510 అనేది పైకెక్కి నిలకడగా ఎగిరేటప్పటి వేగమట, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంత ఉండదట. ఎదురుగాలి ఎంత ఉంటే అంతా వేగంలోంచి కోసెయ్యాలట. టిక్కెట్టు మీది సమయం చక్రాల కింద దిమ్మలు తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టేదాకానట. మా ఆవిడ నా మీదుగా వంగి మరీ వింది. నాకు ఎవరైనా పాఠం చెబుతుంటే ఆమెకు అస్సలు నిద్ర రాదు.

తీరా ఊరు దగ్గర పడ్డాక, దిగడానికి మా వంతు రాలేదని విమానం గాల్లోనే చక్కర్లు మొదలుపెట్టింది. చుట్టుకు నాలుగు నిమిషాలు. కింద పిడి విరిగిన గరిటె ఆకారంలో ఒక చెరువు.

"ఈ చెరువు మూడోసారి వస్తోందండీ."

"ఇది వేరే చెరువు" అన్నాను. నాలుగోసారి వచ్చినప్పుడు కళ్లు మూసుకున్నాను.

11.20కి దిగాం. సామాను చేతికొచ్చేసరికి 11.45. నా మీద గౌరవం కొద్దీ బావమరిది పది గంటలకే వచ్చి నిలబడ్డాడు. 10.19 దాటగానే లోపలికి కబురు అడిగితే, "ఇప్పుడే కదా అక్కడ లేచింది, ఈపాటికే దిగుతుందని మీకెవరు చెప్పారు?" అన్నారట.

"మీ పేరు మాత్రం చెప్పలేదు బావగారూ" అన్నాడు.

నోరు మెదపకుండా కారెక్కాను. మలుపులో బోర్డు మీద ఊరి పేరు, దాని కింద 38 అని ఉంది. పక్కన రెండు పొట్టి అక్షరాలు. ఈసారి ముందు వాటినే చదివాను.