చేపలు క్షేమంగానే ఉన్నాయి

అమ్మనో నాన్ననో నర్సింగ్ హోమ్‌లో చేర్చబోయేవాళ్ళు అన్నిటికన్నా ముందు పరీక్షించాల్సింది లాబీలోని చేపల తొట్టిని. (చిన్నపాటి ఆసుపత్రిని కూడా మనం నర్సింగ్ హోమ్ అనే అంటాం. ఇది దాని గురించి కాదు. మంచం దిగలేని, మతి నిలవని పెద్దవాళ్ళను రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉంటామని చెప్పే హోమ్ గురించి.) నీళ్ళు తేటగా ఉన్నాయా? చేపలు చురుగ్గా తిరుగుతున్నాయా? గాజు మీద నీళ్ళు మార్చిన తేదీ, మార్చినవాళ్ళ పొడి సంతకం ఉన్నాయా? ఉంటే సగం దిగులు తీరినట్టే. చేపల్నే ఇంత బాగా చూసుకునేవాళ్ళు మనుషుల్ని చూసుకోరా అని మనకు మనమే చెప్పేసుకుంటాం. ఆ మాట మన చేత చెప్పించడానికే తొట్టిని అక్కడ పెట్టారు.

తర్వాత బ్రోషర్. ‘కంటికి రెప్పలా చూసుకుంటాం’ అని లోపలి పేజీలో ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. మూసుకోవడం కూడా రెప్ప పనే.

వైద్యసేవల నాణ్యతను మూడు వైపుల నుంచి చూడమని 1966లో అవేడిస్ డొనబేడియన్ అనే వైద్యుడు రాశాడు. ఏమేం ఉన్నాయి, ఏం చేస్తున్నారు, చివరికి మనిషికి ఏమైంది. పాపం, మొదటిదాన్ని ఇంత అందంగా రంగులేసి చూపిస్తే మిగతా రెండూ ఎవరూ అడగరని ఆయనకు తట్టినట్టు లేదు.

చూడటానికి ఎప్పుడు వెళ్ళాలి? ముందుగా ఫోన్ చేసి, పనిరోజున, పొద్దున పదకొండింటికి. అప్పటికి స్నానాలు అయిపోయి, దుప్పట్లు మారి, తలలు దువ్వి ఉంటాయి. మేనేజర్ గారు స్వయంగా వెంట వస్తారు. చెప్పాపెట్టకుండా ఆదివారం సాయంత్రం ఆరున్నరకు పోవడం మర్యాద కాదు. పగలు షిఫ్టువాళ్ళు చెప్పుల్లో కాళ్ళు పెట్టి ఉంటారు, రాత్రివాళ్ళు ఇంకా దారిలో ఉంటారు, సెలవు రోజు కాబట్టి ఉండాల్సినవాళ్ళే తక్కువ ఉంటారు, పైగా రాత్రి భోజనం తినిపించే వేళ. ఎవరైనా బట్టలు మార్చుకుంటుంటే తలుపు తోసుకుని పోతామా? సంస్థకు మాత్రం సిగ్గుండదా?

ఇక వాసన. ఒక గదిలో ఒక వేళలో మూత్రం వాసన వచ్చిందంటే ఎవరికో ఇప్పుడే తడిసిందని అర్థం, ఇంకాసేపట్లో మారుస్తారు. వరండా పొడుగునా, ఎప్పుడు వెళ్ళినా అదే వాసన అంటే అది పరుపుల్లోకి, కుర్చీల గుడ్డలోకి దిగిపోయిన వాసన. ఈ రెండింటి తేడా కనిపెట్టే అవస్థ మీకు లేకుండా చాలా చోట్ల పూలవాసన స్ప్రే కొట్టిస్తారు. హాయిగా గుండెల నిండా పీల్చుకోండి.

గదిలోకి వెళ్ళాక పెద్దావిడ ముఖం చూడండి, పలకరించండి, ఫోటో తీసుకోండి. దుప్పటి మాత్రం ఎత్తవద్దు. ముఖ్యంగా కాళ్ళ వైపు.

మడమ దగ్గర ఎముకకూ చర్మానికీ మధ్య కండ బొత్తిగా ఉండదు. మనిషి కదలకుండా పడుకుంటే కాలి బరువంతా ఆ బొడిపె మీదే ఆనుతుంది, అక్కడికి రక్తం అందదు. అలాగే త్రికం (నడుం కింద, పిరుదుల నడుమ ఉండే ఎముక) దగ్గర, తుంటి పక్కన, తల వెనక. మొదట కాస్త ఎర్రబడుతుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. తెల్లబడలేదంటే అది పడక పుండుకు మొదటి మెట్టు. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు కనపడదు కాబట్టి పక్క చోటుతో పోల్చి వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, నొక్కితే నొప్పి అంటున్నారా అని చేత్తో చూడాలి. ఈ మెట్టు మీద ఉండగా చేయాల్సిన పని చవక. పిక్క కింద పొడుగ్గా దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చేయడం, మనిషిని పక్కకు తిప్పుతూ ఉండడం. చూడకుండా వదిలేస్తే అదే చర్మం చిట్లి, లోపలికి పోయి, ఎముక దాకా వెళ్తుంది. వరండా చివర నిలబడి చూస్తే ఇవేవీ కనపడవు. దుప్పటి మీద ఇస్త్రీ మడత మాత్రం చక్కగా కనపడుతుంది.

‘మా దగ్గర గాలి పరుపులున్నాయి’ అంటారు. నిజమే, ఉంటాయి. మంచం కాళ్ళ దగ్గర పంపు వేలాడుతూ ఉంటుంది, దాని మీద మనిషి బరువును బట్టి తిప్పే బిరడా ఉంటుంది. నలభై ఐదు కిలోల ముసలమ్మ కింద అది నూట ఇరవై మీద ఉందంటే ఆవిడ పడుకున్నది బల్ల మీద. ప్లగ్గు పీకి అక్కడ ఫోను చార్జింగ్ పెట్టారంటే ఆవిడ పడుకున్నది ఇనప మంచం మీద. అన్నీ సరిగ్గా ఉన్నా, గాలి పరుపు వేశాం కదా అని మనిషిని తిప్పడం మానకూడదు. మానేస్తారు. అసలు పరుపు తెప్పించిందే అందుకని వాళ్ళ నమ్మకం.

తిప్పుతున్నారా అంటే చార్ట్ చూపిస్తారు. ఈ చార్ట్ దగ్గర కొంచెంసేపు ఆగడం మంచిది.

ఒక అంతస్తులో ముప్పై మంది. అందులో పన్నెండు మంది తమంతట తాము పక్కకు తిరగలేరు. రెండు గంటలకోసారి తిప్పాలన్నది పాతకాలం నుంచి ఉన్న లెక్క. మనిషిని బట్టి, పరుపును బట్టి అటూ ఇటూ కావచ్చుగానీ ఈ హోమ్ గోడ మీద రాసుకున్నది అదే. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా పది గంటలు, మనిషికి ఐదుసార్లు, మొత్తం అరవై. పక్కకు తిప్పడం, తడిసిన డైపర్ మార్చడం, తుడిచి ఆరబెట్టడం, దిండ్లు సర్దడం అంతా కలిపి చేయి తిరిగినవాళ్ళకు పది నిమిషాలు అనుకుందాం. ఇద్దరు పట్టాలి. ఒక్కరే లాగితే చర్మం దుప్పటికి రాసుకుని చిట్లుతుంది. అరవై పదులు ఆరు వందల నిమిషాలు. పది గంటలంటే సరిగ్గా ఆరు వందల నిమిషాలే. డ్యూటీలో ఉన్నది ఇద్దరే. ఆహా, లెక్క ఒక్క నిమిషం తేడా లేకుండా కుదిరింది! తక్కిన పద్దెనిమిది మందిలో ఎవరూ బాత్‌రూమ్‌కి లేవకూడదు, ఎవరికీ వాంతి కాకూడదు, ఎవరూ బెల్ కొట్టకూడదు, ఆ ఇద్దరూ గుక్కెడు నీళ్ళు తాగకూడదు, అంతే.

పొద్దున చార్ట్ చూస్తే అరవై టిక్కులూ ఉంటాయి. ఒకే సిరా, ఒకే వాలు. రాత్రి పది గంటల టిక్కు వేసిన చేతికి తెల్లవారుజాము నాలుగింటికి కూడా అలుపు రాలేదు. మనిషి తిరగకపోయినా పేజీ తిరిగింది. ఆ ఇద్దరు ఆయాలనూ తిట్టుకోనక్కర్లేదు. కాకిలెక్క వాళ్ళు రాసింది కాదు, రాత్రికి ఇద్దరు చాలని రోస్టర్ వేసినాయన రాసింది. వీళ్ళు దాన్ని టిక్కుల్లోకి ఎత్తి రాశారంతే.

ఫైల్లో ఇంకో కాగితం కూడా ఉంటుంది. పడక పుండు ఎవరికి వచ్చేలా ఉందో ముందే పసిగట్టడానికి 1962లో డోరీన్ నార్టన్ అనే బ్రిటిష్ నర్సు ఒక కొలబద్ద తయారుచేసింది. ఒంటి స్థితి, మనసు స్థితి, చురుకు, కదలిక, మలమూత్రాల మీద పట్టు అని ఐదు అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 4. మొత్తం 14 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ప్రమాదం. మనిషి స్థితి మారినప్పుడల్లా మళ్ళీ కొలవాలి. ఫైల్లో ఉండేది చేరిన రోజు కొలిచినది. ఆ రోజు నాన్నగారు నడుచుకుంటూ వచ్చారు కాబట్టి ఇప్పటికీ నడుస్తూనే ఉన్నారు, కాగితం మీద.

కాలింగ్ బెల్ ప్రతి మంచానికీ ఉంటుంది. పక్షవాతం వచ్చిన చేతి వైపో, తల వెనక రెయిలింగ్‌కు చుట్టేసో ఉంటుంది. చేతికి అందితే పదేపదే నొక్కుతారట. మేనేజర్ గారు పక్కన లేనప్పుడు మీరే ఒకసారి నొక్కి గడియారం చూసుకుంటూ కూర్చోవచ్చు గానీ, మీకు ఇంటికి పోయే వేళ అవుతుంది.

మంచినీళ్ళ జగ్గు కూడా ఉంటుంది, నిండుగా. పొద్దున ఎంత ఉందో సాయంత్రానికీ అంతే ఉంటుంది. చేయి చాచినా అందని బల్ల మీద, ఒక చేత్తో ఎత్తలేని బరువుతో. వయసు మీద పడ్డవాళ్ళకు దాహం సరిగ్గా తెలియదు. తెలిసినా, తాగితే మళ్ళీ బాత్‌రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారని కొందరు తాగరు. తాగించేవాళ్ళకూ డైపర్ల లెక్క ఉంటుంది. నాలుక పిడచకట్టడం, మూత్రం చిక్కబడటం, ఉన్నట్టుండి మాట పొంతన లేకపోవడం, ఇవి దాని ఫలితాలు. రిజిస్టర్‌లో మాత్రం ‘నీరు అందుబాటులో ఉంచబడినది’ అని ఉంటుంది. జగ్గు నిజంగానే గదిలో ఉంది కదా.

భోజనం సంగతికొస్తే మెనూ కార్డు చూడండి, చాలు. తినిపించే వేళ వెళ్ళారంటే ఇంకో లెక్క మీద పడుతుంది. మింగడం కష్టమైన మనిషికి నిటారుగా కూర్చోబెట్టి, ముద్ద ముద్దకూ ఆగి, నోరు ఖాళీ అయిందో లేదో చూసి తినిపించడానికి అరగంట పడుతుంది. తిన్నాక మరో అరగంట వెనక్కి వాల్చకూడదు. ఇద్దరు ఆయాలు, తినిపించాల్సినవాళ్ళు పదిమంది, చేతిలో గంట. కాబట్టి స్పూన్ వేగం పెరుగుతుంది, తినలేకపోయినవాళ్ళు ‘ఆకలి లేదన్నారు’ అవుతారు. నెలలో ఒంటి బరువులో ఐదు శాతం, ఆర్నెల్లలో పది శాతం తగ్గితే మామూలు విషయం కాదు. అరవై కిలోల మనిషి నెలకే యాభై ఏడుకు వచ్చారంటే ఎవరో ఒకరు కారణం వెతకాలి. కారణం ఒక్కోసారి సొరుగులో గిన్నెలో ఉంటుంది. కట్టుడుపళ్ళు. అవి తమవేనా, పక్క మంచం ఆవిడవా అన్నది ఇంకో ప్రశ్న.

‘ఈ మధ్య అసలు మాట్లాడటం లేదండీ, మతిమరుపు ముదిరింది’ అని నర్సమ్మ బాధపడితే మీరూ బాధపడండి. చెవి మిషన్ బ్యాటరీ తీసి చూడాలన్న ఆలోచన రానివ్వకండి.

కొన్ని హోమ్‌లు గొప్పగా చెప్పుకునేది సున్నా. గతేడాది ఎవరూ పడిపోలేదు, ఒక్క ఫిర్యాదూ లేదు. నడిచేవాళ్ళున్న చోట ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పడతారు. ఎవరూ పడలేదంటే ఎవరినీ లేవనివ్వడం లేదన్నమాట, లేదా పడినవాళ్ళను ఎవరూ రాయడం లేదన్నమాట. కుర్చీకి నడుం బెల్టు, మంచానికి రెండువైపులా రెయిలింగ్. ఆ రెయిలింగ్ ఎక్కి దూకబోయేవాళ్ళు పడితే మంచం ఎత్తుకు ఇంకో జానెడు కలుస్తుంది. దూకనివాళ్ళకు కాళ్ళలో కండ కరిగిపోతుంది. అప్పుడు సున్నా శాశ్వతమవుతుంది.

మధ్యాహ్నం మూడింటికి హాల్లో టీవీ ముందు వరసగా కూర్చోబెట్టినవాళ్ళంతా తలలు వాల్చి ఉంటే, ఎంత ప్రశాంతమైన వాతావరణమో అనుకోవాలి. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళకు కొన్ని మానసిక రోగాల మందులు వాడితే మరణాలు పెరుగుతున్నాయని 2005లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందుల లేబుళ్ళ మీద నల్లగడి కట్టించి హెచ్చరిక వేయించింది. ఏ మందు, ఎందుకు, ఎప్పటి నుంచి, తగ్గించి చూసింది ఎప్పుడు? ఈ నాలుగు ప్రశ్నలు అడిగితే హాల్లో ప్రశాంతత అలాగే ఉంటుంది, ఆఫీసులోదే పోతుంది.

ఇంత తంటా ఎందుకు, నక్షత్రాలు చూసుకుంటే పోలా అంటారా? అమెరికాలో 2008 చివర్లో ప్రభుత్వమే హోమ్‌లకు ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. తనిఖీలు బయటివాళ్ళవి. సిబ్బంది లెక్క మాత్రం మొదట్లో హోమ్‌లు తమంతట తాము రాసిచ్చినదే. 2018 నుంచి జీతాల రిజిస్టర్ల ప్రకారం చూడటం మొదలైంది. రాసుకున్న సిబ్బందికీ జీతం తీసుకునే సిబ్బందికీ తేడా ఉండవచ్చని అనుమానం రావడానికి దాదాపు పదేళ్ళు. తొందరపడి నిందలు వేయకూడదు కదా.

చివరిగా ఒక జాగ్రత్త. గది తుడుస్తున్న ఆయాను ‘అమ్మ రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకుంటుంది?’ అని అడగవద్దు. ‘ఎడమ పక్కకండీ, కుడి భుజం నొప్పి, వరండా లైటు ఆర్పేదాకా నిద్రపోదు’ అని ఫైలు చూడకుండా చెప్పిందంటే, ఆవిడ చాలాకాలంగా ఆ మంచం దగ్గరే పని చేస్తోందన్నమాట. అలాంటి హోమ్‌లో చేపల తొట్టి ఉండకపోవచ్చు.

బయటికి వచ్చేటప్పుడు రిసెప్షన్‌లో అభిప్రాయ పత్రం ఇస్తారు. పార్కింగ్, పలకరింపు, గదుల శుభ్రత, వైఫై, తోట, అన్నిటికీ గడులున్నాయి. మడమకు లేదు. నింపి సంతకం పెట్టండి. పెన్ను ఎవరూ పట్టుకుపోకుండా దారంతో బల్లకు కట్టి ఉంటుంది. ఎటు కూర్చున్నా చేతికి అందేలా కట్టారు. పైన బెల్ తీగ కన్నా ఆ దారమే పొడుగు.