వాద్యాలు ఏడిస్తే చాలదు

యుద్ధం మీద రాసిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అనగానే చాలామంది పోలండ్ స్వరకర్త పెండెరెత్స్కీ పేరు చెబుతారు. హిరోషిమా మృతులకు అంకితమైన ఆయన శోకగీతంలో 52 తంత్రీవాద్యాలు కీచుమంటూ మొదలవుతాయి. ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. కానీ 1960లో రాసినప్పుడు దాని పేరు '8 నిమిషాల 37 సెకన్లు', అంటే వాయించడానికి పట్టే టైము. హిరోషిమా పేరు తర్వాత వచ్చి చేరింది. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నాకు ఆ రచనతో పేచీ. మనం చలించింది స్వరాలకా, శీర్షికకా?

అదే దేశపు గొరెత్స్కీ 1976లో రాసిన మూడో సింఫనీతో నాకీ గొడవ లేదు. జకోపానే ఊళ్లో గెస్టపో (నాజీల రహస్య పోలీసులు) జైలు గోడ మీద 18 ఏళ్ల అమ్మాయి గీసిన రెండు మాటలు అందులో పాటయ్యాయి. అమ్మా, ఏడవకు అంటుంది ఆ పిల్ల. పగ తీర్చుకోమనదు.

ఇంకా దగ్గరగా వినాల్సింది అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 1988లో రాసిన 'డిఫరెంట్ ట్రెయిన్స్'. ఆయన చిన్నప్పుడే అమ్మానాన్నలు విడిపోయారు. నాన్న న్యూయార్క్‌లో, అమ్మ లాస్ ఏంజెలెస్‌లో. 1939 నుంచి 1942 దాకా ఆ ఇద్దరి మధ్యా ఆయాతో కలిసి రోజుల తరబడి రైలు ప్రయాణాలు. పెద్దయ్యాక తట్టింది: తాను యూదుడు, ఆ ఏళ్లలో యూరప్‌లో ఉండుంటే ఎక్కించేది వేరే రైళ్లు, నాజీల మరణశిబిరాలకు వెళ్లేవి కదా అని.

ఆయాను, రిటైరైన ఒక రైలు పోర్టరును ఆయన మాట్లాడించి రికార్డు చేశారు. నాజీల బారి నుంచి బతికి అమెరికా చేరినవాళ్ల టేపులు వెతికారు. వాటిలోంచి చిన్న చిన్న ముక్కలు ఏరి, మాటలో ఉండే ఎత్తుపల్లాలనే స్వరాలుగా రాశారు. ఆడగొంతుకు వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), మగగొంతుకు చెల్లో (ఇంకా పెద్దది, గొంతు మంద్రం). మన కచేరీలో గాయకుడి వెంట వయొలిన్ నడిచినట్టే, కాకపోతే ఇక్కడ పాడేవాళ్లు లేరు, మాట్లాడేవాళ్లే. మొదటి భాగంలో రైలు కూత హుషారుగా ఉంటుంది. రెండో భాగంలో దానికి సైరన్లు తోడవుతాయి. ఇక ఆ కూత ముందులా వినపడదు.

'తరతరాల గాయం' అన్న మాట ఇప్పుడు తెగ వాడుతున్నారు. ముందుతరం పడ్డ బాధను వెనకతరం తన ఖాతాలో రాసేసుకోవడం తేలిక. రైష్ ఆ పని చేయలేదు. తప్పించుకున్నవాడిగానే నిలబడి, పడ్డవాళ్ల గొంతును వాళ్లకే వదిలేశారు. నా దృష్టిలో ఈ రచన బలమంతా అక్కడే ఉంది.

మూడో భాగంలో యుద్ధం అయిపోయిందని ఒక గొంతు చెబుతుంది. నిజంగానా, అని ఇంకో గొంతు అడుగుతుంది. మళ్లీ అమెరికా, మళ్లీ రైళ్లు. చివరికి ఒకామె గుర్తు చేసుకుంటుంది: ఒక అమ్మాయికి మంచి గొంతు ఉండేదట. ఆ పాటంటే జర్మన్లకు ప్రాణం. ఆపగానే ఇంకా, ఇంకా అనేవాళ్లట. చప్పట్లు కొట్టేవాళ్లట.